మూడు తాళాలు, ఒకే గుత్తి

ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటున్న పిల్లల దగ్గరికి హైదరాబాద్ నుంచి బయలుదేరే అమ్మానాన్నలకు ఫోన్లో ముందుగా అందే హెచ్చరిక పొడుల గురించే. కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం ఏవీ చేతిసంచిలో వద్దు, పెద్ద పెట్టెలో సర్దేయండి అంటారు. పిల్లల చాదస్తమని కొట్టిపారేయడానికి లేదు. అమెరికా వెళ్లే విమానాల్లో చేతిసంచిలోని పొడి 350 మిల్లీలీటర్లు దాటితే విడిగా తనిఖీ చేయాలని, అదేమిటో తేలకపోతే లోపలికి రానివ్వకూడదని 2018 జూన్ 30 నుంచి నియమం ఉంది. దానికి ముందటి ఏడాది జులైలో సిడ్నీలో ఒక ఎతిహాద్ విమానాన్ని పేల్చే కుట్ర బయటపడింది. ఆవకాయ సీసాను ఆపే 100 మిల్లీలీటర్ల నియమం 2006 ఆగస్టులో లండన్‌లో పట్టుబడిన ద్రవ బాంబుల కుట్ర నుంచి పుట్టింది. 2001 డిసెంబరులో పారిస్ నుంచి మయామి వెళ్తున్న విమానంలోకి ఒకడు బూట్లలో పేలుడు పదార్థం దాచుకుని ఎక్కాడు కాబట్టి తర్వాతి కాలంలో అమెరికా అంతటా ప్రయాణికుల చేత బూట్లు విప్పించారు. 2025 జులైలో గానీ ఆ పద్ధతి ఎత్తేయలేదు.

ఇలా చూస్తే భద్రతా నియమాలన్నీ జరిగిపోయిన దాడుల చరిత్రలాగే కనిపిస్తాయి. కానీ ఇంకా జరగని దాడి ఏ సందులోంచి రావచ్చో ముందే వెతికే పని కూడా విమానాశ్రయాల్లో నిరంతరం సాగుతూ ఉంటుంది. ముప్పు మదింపు అంటే అదే. దానికొక లెక్క ఉంది, ఆ లెక్కకు పరిమితులూ ఉన్నాయి. రెండూ అర్థం చేసుకోవడానికి ఫార్మింగ్టన్ హిల్స్ వాళ్లు దూరం వెళ్లనక్కర్లేదు. ఊరికి దక్షిణాన, ఐ-275 మీద అరగంట ప్రయాణంలో, రొములస్‌లో ఉన్న డెట్రాయిట్ మెట్రో విమానాశ్రయానికి ఆ పాఠం స్వయంగా ఎదురైంది.

2009 డిసెంబరు 25

ఆ రోజు ఆమ్‌స్టర్‌డామ్ నుంచి డెట్రాయిట్‌కు వస్తున్న నార్త్‌వెస్ట్ 253 విమానంలో సిబ్బందితో కలిపి 290 మంది ఉన్నారు. కాసేపట్లో దిగుతుందనగా 19ఏ సీటులో కూర్చున్న 23 ఏళ్ల నైజీరియా యువకుడు ఉమర్ ఫరూక్ అబ్దుల్‌ముతల్లబ్ తన లోదుస్తుల్లో కుట్టుకుని తెచ్చిన పేలుడు పదార్థాన్ని పేల్చబోయాడు. అది పేలలేదు, అంటుకుంది. తోటి ప్రయాణికులు అతణ్ణి పట్టుకున్నారు, సిబ్బంది మంటలు ఆర్పారు, విమానం క్షేమంగా దిగింది. 2011 అక్టోబరులో డెట్రాయిట్ ఫెడరల్ కోర్టులో అతను నేరం ఒప్పుకున్నాడు. 2012 ఫిబ్రవరి 16న జీవితఖైదు పడింది.

ప్రయాణికుల తెగువ, బాంబు లోపం కలిసి అందరి ప్రాణాలూ కాపాడాయి. భద్రతా వ్యవస్థ మాత్రం ఎక్కడా అతణ్ణి ఆపలేకపోయింది. అలాగని అతని గురించి ఎవరికీ ఏమీ తెలియదనడానికి లేదు. నవంబరులోనే అతని తండ్రి, పేరున్న బ్యాంకరు, అబూజాలోని అమెరికా రాయబార కార్యాలయానికి స్వయంగా వెళ్లి కొడుకు తీవ్రవాదుల ప్రభావంలో పడ్డాడని చెప్పాడు. ఆ వివరం సుమారు 5,50,000 పేర్లున్న ఒక పెద్ద జాబితాలో చేరింది. విమానం ఎక్కనివ్వకూడని సుమారు 4,000 మంది జాబితాలోకి గానీ, అదనంగా తనిఖీ చేయాల్సిన సుమారు 14,000 మంది జాబితాలోకి గానీ ఎక్కలేదు. పేరు స్పెల్లింగు తప్పు పడడంతో అతని దగ్గర అప్పటికే అమెరికా వీసా ఉన్న సంగతి మొదట దొరకనే లేదు. టికెట్టు నగదుతో కొన్నాడు, పెద్ద సామానేమీ చెక్-ఇన్ చేయలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్కిపోల్ విమానాశ్రయంలో బాడీ స్కానర్లు ఉన్నా అప్పట్లో అమెరికా విమానాలకు వాడేవారు కాదు. మెటల్ డిటెక్టర్ లోంచి నడిచాడు. లోహం లేదు కాబట్టి అది మోగలేదు.

అన్నిటికన్నా విచిత్రం మరొకటి. విమానం గాల్లో ఉండగానే అమెరికా సరిహద్దు అధికారులు ప్రయాణికుల వివరాలు సరిచూసి, ఇతణ్ణి డెట్రాయిట్‌లో దిగాక ప్రశ్నించాలని గుర్తు పెట్టుకున్నారు. సమాచారం విమానాన్ని అందుకుంది గానీ, అప్పటికే అతను విమానంలో ఉన్నాడు. 2010 మే నెలలో అమెరికా సెనేట్ నిఘా కమిటీ తన నివేదికలో మొత్తం 14 వైఫల్యాలు లెక్కపెట్టింది.

ముప్పు, బలహీనత, పర్యవసానం

మదింపు చేసేవాళ్లు ముందుగా మూడు ప్రశ్నలు వేసుకుంటారు. దాడి చేయాలన్న ఉద్దేశం, అందుకు తగిన శక్తి ఎవరికున్నాయి? ఇది ముప్పు. వాళ్లు ప్రయత్నిస్తే నెగ్గే అవకాశం ఎంత? ఇది బలహీనత. నెగ్గితే ఎంత నష్టం? ఇది పర్యవసానం. మూడింటినీ గుణిస్తే వచ్చేది ప్రమాద స్థాయి. గుణకారం కాబట్టి ఏ ఒక్కటి సున్నాకు దగ్గరైనా మొత్తం తగ్గిపోతుంది. విమానాశ్రయ అధికారులు ముప్పును తగ్గించలేరు, అది నిఘా సంస్థల పని. పర్యవసానాన్ని కొంతవరకు తగ్గించగలరు: టెర్మినల్ ముందు వాహనాలు ఆగే చోటును దూరంగా జరపడం, పగిలినా ముక్కలై ఎగరని అద్దాలు బిగించడం లాంటివి. వాళ్ల చేతిలో పూర్తిగా ఉన్నది బలహీనత ఒక్కటే.

ఈ లెక్క వల్ల కంటికి పెద్దగా కనిపించేదాన్నీ, నిజంగా పెద్దదాన్నీ విడదీసి చూడవచ్చు. ప్రహరీ కంచె సంగతే తీసుకోండి. అమెరికాలోని 31 పెద్ద విమానాశ్రయాల్లో 2004 నుంచి కనీసం 268 సార్లు ఎవరో ఒకరు కంచె దాటారని అసోసియేటెడ్ ప్రెస్ 2015లో లెక్క తేల్చింది. తాగి దారి తప్పినవాళ్లు, మతిస్థిమితం లేనివాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. బలహీనత ఎక్కువే, ముప్పు తక్కువ. ఇందుకు భిన్నంగా, విమానాల దగ్గర పనిచేసే ఉద్యోగి ఒకడు దారి తప్పడం అరుదు. తప్పితే మాత్రం కంచె, స్కానరు, గుర్తింపు కార్డు అన్నీ అతనికి తెరిచే ఉంటాయి. 2018 ఆగస్టులో సియాటిల్‌లో ఒక గ్రౌండ్ ఉద్యోగి ఖాళీ విమానాన్ని ఒంటరిగా ఎత్తుకుపోయి కూల్చుకున్నాడు. అతను లోపలికి దొంగతనంగా వచ్చినవాడు కాడు, ఆ రోజు డ్యూటీలో ఉన్నవాడే.

యంత్రం చూసేదెంత?

మెటల్ డిటెక్టర్ అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. అందులోంచి లోహం వెళ్తే దానిలో చిన్న విద్యుత్ ప్రవాహాలు పుట్టి, క్షేత్రంలో తేడా వస్తుంది. పేలుడు పదార్థాల్లో ఎక్కువ భాగానికి లోహంతో సంబంధం లేదు. 253 ఘటన తర్వాత అమెరికాలో బాడీ స్కానర్ల బిగింపు ఊపందుకోవడానికి కారణం ఇదే. ఇప్పుడు వాడుతున్న మిల్లీమీటర్ తరంగాలు బట్టల్లోంచి దూరిపోయి చర్మం దగ్గర వెనక్కి తిరుగుతాయి. ఒంటికీ బట్టకూ మధ్య ఉండకూడనిది ఏదైనా ఉంటే తెర మీది బొమ్మలో ఆ చోట గుర్తు పడుతుంది. బట్టల మడతలకు, చెమటకు కూడా అది అప్పుడప్పుడు మోగుతుంది. సామాను చూసే సీటీ స్కానర్లు వస్తువును పొరలు పొరలుగా చూసి సాంద్రత లెక్కగడతాయి. కొన్ని తినుబండారాల సాంద్రత పేలుడు పదార్థాలకు దగ్గరగా ఉంటుంది. మిఠాయి పెట్టెలు తెరిపించడం తరచూ ఇందుకే.

యంత్రం ఎంత మంచిదైనా అంకెలు దాన్ని ఇబ్బంది పెడతాయి. 2024లో అమెరికా రవాణా భద్రతా సంస్థ టీఎస్‌ఏ 90 కోట్ల 40 లక్షల మందిని తనిఖీ చేసింది. రోజుకు దాదాపు 25 లక్షలు. నూటికి ఒక్క అమాయకుడి దగ్గరే పొరపాటున మోగే యంత్రం ఉందనుకుందాం. వినడానికి గొప్ప యంత్రమే. అయినా రోజుకు 25 వేల సార్లు ఊరికే మోగుతుంది. నిజమైన దుండగుడు ఏళ్ల తరబడి కనిపించడు. అంటే మోగిన ప్రతిసారీ ఎదురుగా ఉన్నది అమాయకుడే అన్న అనుభవం అధికారి మనసులో పేరుకుపోతుంది.

అలా పేరుకుంటే ఏమవుతుందో హార్వర్డ్‌కు చెందిన జెరెమీ వోల్ఫ్ బృందం 2005లో 'నేచర్' పత్రికలో చూపించింది. బొమ్మల్లో ఒక వస్తువును వెతకమని ప్రయోగంలో పాల్గొన్నవాళ్లకు చెప్పారు. సగం బొమ్మల్లో ఆ వస్తువు ఉన్నప్పుడు 7 శాతం సార్లే పట్టుకోలేకపోయారు. నూటికి ఒక్క బొమ్మలోనే ఉన్నప్పుడు 30 శాతం సార్లు వదిలేశారు. కళ్లు అవే, వస్తువు అదే. అరుదైనదాన్ని వెతకడంలో మెదడు తొందరగా 'లేదు' అనేస్తుంది. ఎక్స్‌రే తెర ముందు కూర్చున్నవాళ్లకు మధ్యమధ్యలో కంప్యూటర్ కావాలనే ఉత్తుత్తి తుపాకుల, బాంబుల బొమ్మలు చేర్చి చూపించేది ఈ ఏమరుపాటును ఆపడానికే. పట్టుకున్నారా, వదిలేశారా అన్నది వెంటనే తెలుస్తుంది, చూపు పదునుగా ఉంటుంది.

పొరల లెక్కలో పొరపాటు

ఒక్క తనిఖీ చాలదు కాబట్టి భద్రతను పొరలుగా కడతారు: వీసా, జాబితాలు, టికెట్టు వివరాలు, స్కానరు, గేటు దగ్గర ప్రశ్నలు, బలపరిచిన కాక్‌పిట్ తలుపు. లెక్క ముచ్చటగా ఉంటుంది. ఒక్కో పొర నూటికి 80 మందిని పట్టుకుంటుందనుకుంటే మూడు పొరలూ దాటేవాళ్లు వెయ్యికి ఎనిమిది మందే.

అయితే ఈ లెక్క ఒక షరతు మీద నిలబడింది. మూడు పొరలూ దేనికది విడిగా పనిచేయాలి. గేటుకు, వీధి తలుపుకు, బీరువాకు మూడు వేర్వేరు తాళాలు కొని, మూడు తాళంచెవులూ ఒకే గుత్తికి తగిలించి చూరులో పెడితే దొంగ మూడు తాళాలు పగలగొట్టనక్కర్లేదు. ఆ గుత్తి ఒక్కటి దొరికితే చాలు. కాగితం మీద వెయ్యికి ఎనిమిది అన్నది ఇంట్లో వెయ్యికి రెండు వందలు అవుతుంది.

253లో జరిగింది ఇదే. పద్నాలుగు వైఫల్యాలూ పద్నాలుగు చోట్ల విడివిడిగా పుట్టినవి కావు. విమానం ఎక్కనివ్వకపోవడం, అదనపు తనిఖీ, వీసా రద్దు, గేటు దగ్గర ప్రశ్నలు అన్నీ జాబితాలో సరైన పేరు సరైన చోట ఉండడం మీదే వేలాడాయి. తండ్రి చెప్పిన మాట సరైన జాబితా దాకా చేరకపోవడంతో నాలుగు పొరలూ ఒక్కసారే తొలగిపోయాయి. మిగిలింది మెటల్ డిటెక్టరు, అది చూడలేని వస్తువు. అందుకే ఇవాళ పని తెలిసిన మదింపు నిపుణులు 'ఈ పొర ఎంత గట్టిది?' అని అడిగి ఊరుకోరు. 'ఇది విఫలమైతే దీనితోపాటు ఇంకేవి పడిపోతాయి?' అని కూడా అడుగుతారు.

వరుస కూడా లక్ష్యమే

ఒక చోట బిగిస్తే ప్రమాదం మరో చోటికి జరుగుతుంది. తనిఖీ కఠినమైన కొద్దీ తనిఖీకి బయట వరుస పొడవవుతుంది, ఆ వరుసే గురి అవుతుంది. 2016 మార్చి 22న బ్రస్సెల్స్ విమానాశ్రయంలో బాంబులు పేలింది చెక్-ఇన్ హాల్లో. 2017 జనవరిలో ఫోర్ట్ లాడర్‌డేల్‌లో కాల్పులు జరిగింది సామాను తీసుకునే చోట. ఫార్మింగ్టన్ హిల్స్‌కు గంట దూరంలోని ఫ్లింట్ బిషప్ విమానాశ్రయంలో 2017 జూన్ 21న ఒక వ్యక్తి ఎవరైనా రాగలిగే చోటే పోలీసు అధికారిని మెడ మీద కత్తితో పొడిచాడు. అధికారి బతికాడు, పొడిచినవాడికి 2019లో జీవితఖైదు పడింది. ఫ్లింట్ చిన్న విమానాశ్రయం. పెద్దవాటికే ముప్పు అన్న అంచనా అక్కడ తప్పింది.

శంషాబాద్‌లో టికెట్టు, గుర్తింపు కార్డు చూపితే గానీ సీఐఎస్‌ఎఫ్ జవాన్లు టెర్మినల్ లోపలికి రానివ్వరు. అమెరికాలో అలా కాదు, ఎవరైనా చెక్-ఇన్ దాకా వెళ్లవచ్చు. మన పద్ధతి లోపలి హాల్లో రద్దీని తగ్గిస్తుంది, కానీ ఒక్కణ్ణి సాగనంపడానికి పదిమంది వచ్చే మన అలవాటు వల్ల ఆ రద్దీ అంతా గుమ్మం బయట పోగవుతుంది. ఒకటి మంచి, ఒకటి చెడ్డ అని చెప్పడానికి లేదు. ప్రమాదం ఎక్కడికి జరిగిందో లెక్కలో చూపించామా లేదా అన్నదే చూడాలి.

ఎదుటివాడు కూడా ఆలోచిస్తాడు

భూకంపానికి, తుపానుకు పనికొచ్చే లెక్క దాడికి పూర్తిగా పనికిరాదు. తుపాను మన గోడ ఎక్కడ బలహీనంగా ఉందో చూసి అటు రాదు. దుండగుడు వస్తాడు. ముప్పు, బలహీనతలను విడివిడి అంకెలుగా గుణించడంలో ఉన్న ఈ దోషాన్ని లూయీ ఆంథోనీ కాక్స్ 2008లో ఒక పరిశోధన పత్రంలో వివరించాడు: బలహీనత మారితే ముప్పు కూడా దానితోపాటు కదులుతుంది.

దీనికి ఒక జవాబు ఆటల సిద్ధాంతం నుంచి వచ్చింది. రెండు చోట్లు, ఒకే కాపలా దళం ఉన్నాయనుకుందాం. టెర్మినల్‌లో దాడి నెగ్గితే నష్టం 10, కార్గో ద్వారం దగ్గర 5; దళం ఉన్న చోట దాడి నెగ్గదు. దళాన్ని ఎప్పుడూ టెర్మినల్ దగ్గరే ఉంచితే, రోజూ గమనించే దుండగుడు కార్గో వైపు వెళ్తాడు, నష్టం 5. రెండు చోట్లా సగం సగం రోజులు తిప్పితే అతను టెర్మినల్‌నే ఎంచుకుంటాడు. సగటు నష్టం అప్పుడూ 5. మూడింట రెండు వంతుల రోజులు టెర్మినల్ దగ్గర, ఒక వంతు కార్గో దగ్గర, ఏ రోజు ఎక్కడో ముందే తెలియకుండా ఉంచితే? ఎటు వెళ్లినా సగటు నష్టం దాదాపు 3.3 మాత్రమే. కొత్త మనుషులు లేరు, కొత్త యంత్రాలు లేవు. రోజుల పంపకం, దాని అనూహ్యత మాత్రమే మారాయి.

నిజమైన విమానాశ్రయంలో ద్వారాలు డజన్లు, దుండగుల రకాలు అనేకం కాబట్టి చేతి లెక్కలు చాలవు. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మిలింద్ తాంబే బృందం తయారుచేసిన 'ఆర్మర్' అనే సాఫ్ట్‌వేర్ 2007లో లాస్ ఏంజెలిస్ విమానాశ్రయంలో వాహనాల తనిఖీ కేంద్రాలను, పోలీసు కుక్కల గస్తీని ఇలా అనూహ్యంగా కేటాయించడం మొదలుపెట్టింది. దాని లోపల పనిచేసే గణన పద్ధతిని తీర్చిదిద్దిన పరిశోధకుల్లో ప్రవీణ్ పరుచూరి ఒకరు. తర్వాతి కాలంలో ఆయన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో అధ్యాపకుడయ్యారు.

బెదిరింపు ఫోనుకూ మదింపు కావాలి

మదింపు ఎందుకు కావాలో 2024 అక్టోబరులో భారతదేశం చూసింది. రెండు వారాలు తిరక్కుండానే మన విమాన సంస్థలకు వందల ఉత్తుత్తి బాంబు బెదిరింపులు వచ్చాయి. ఆ ఏడాది నవంబరు 14 నాటికి అవి 999 అని పౌర విమానయాన శాఖ పార్లమెంటుకు చెప్పింది. ప్రతి బెదిరింపునూ నిజమనుకుని విమానాలను దింపేస్తే ఒక్క బాంబూ లేకుండానే దేశం మొత్తం ఆగిపోతుంది. ఒక్కటీ నమ్మకపోతే నిజమైనది తప్పించుకుంటుంది. అందుకే బెదిరింపుల మదింపు కమిటీలు ప్రతి సందేశాన్నీ చూసి నిర్దిష్టమైనదా కాదా తేలుస్తాయి: ఏ విమానం, ఏ సమయం, పంపినవాడికి లోపలి వివరాలు తెలుసా? యంత్రం ఊరికే మోగే సమస్య ఇక్కడ మాటల రూపంలో ఎదురవుతుంది.

డెట్రాయిట్ బలహీనత ఎక్కడుంది?

భద్రత పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి తనవాళ్లనే దొంగలుగా పంపి చూడడం పాత పద్ధతి. 2015లో అమెరికా అంతర్గత భద్రతా శాఖ రహస్య పరీక్షకులు 70 సార్లు నకిలీ ఆయుధాలు, బాంబులతో తనిఖీ కేంద్రాలు దాటబోతే 67 సార్లు దాటేశారన్న సంగతి బయటకు పొక్కింది. టీఎస్‌ఏ తాత్కాలిక అధిపతిని ఆ పదవి నుంచి కదిలించారు. ఇలాంటి పరీక్ష ఒక్క పొరను కొలుస్తుంది. విమానాశ్రయాన్ని మొత్తంగా చూసే పనిని టీఎస్‌ఏ, ఎఫ్‌బీఐ కలిసి చేస్తాయి. 2009 నుంచి 2015 వరకు ఆర్థిక సంవత్సరాల్లో అలాంటి ఉమ్మడి మదింపు జరిగింది 437 విమానాశ్రయాల్లో 81 చోట్లే అని, దేశవ్యాప్త బలహీనతను ఎవరూ సమగ్రంగా అంచనా వేయలేదని ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2016లో తప్పుపట్టింది.

ఈ అంకెల్లో బరువైన విషయం మదింపు జరగని మిగతా విమానాశ్రయాల సంగతి. అమెరికాలో ఒక మారుమూల ఊళ్లో తనిఖీ దాటిన ప్రయాణికుడు డెట్రాయిట్‌లో దిగి మరో విమానం ఎక్కేటప్పుడు మళ్లీ తనిఖీ ఉండదు. నేరుగా అక్కడి మెక్‌నమారా టెర్మినల్ లోపలి భాగంలో నడుస్తాడు. ఆ ఊళ్లోని తనిఖీ ఎంత గట్టిదో డెట్రాయిట్ ఆ మేరకే గట్టిది. 2009లో వచ్చిన ముప్పు కూడా రొములస్‌లో పుట్టలేదు. అబూజాలో చెప్పిన మాటకు, ఎవరో తప్పు కొట్టిన స్పెల్లింగుకు, స్కిపోల్‌లో వాడని స్కానరుకు మధ్య పుట్టింది. డెట్రాయిట్ మెట్రోలోని ప్రతి తలుపును, ప్రతి కెమెరాను ఎన్నిసార్లు పరీక్షించినా అది దొరికేది కాదు. విమానాశ్రయం గోడల దగ్గరే ఆగిపోయే మదింపు సగం మదింపే. మిగతా సగం ఆ గోడలను బయటి ప్రపంచంతో కలిపే విమానాల్లో, జాబితాల్లో, రాయబార కార్యాలయాల్లో ఉంటుంది.